లెక్క తప్పని ప్రకృతి

పాఠ్యభాగ పరిచయం

శక్తి నశించదు, ద్రవ్యవేగం నశించదు అనేవి భౌతిక శాస్త్రానికి పునాది రాళ్లు. ఈ నియమాలను ఒకప్పుడు గొప్ప శాస్త్రజ్ఞులే శంకించారు. ఆ శంక ఎలా పుట్టింది, ఎలా తీరింది, అందులో బెంగళూరుకు, కోలారు బంగారు గనులకు, ఒక తెలుగు శాస్త్రవేత్తకు ఉన్న సంబంధం ఏమిటి అన్నది ఈ పాఠంలోని విషయం.

పాఠం

సంతకు వెళ్లివచ్చిన ఇల్లాలు ఇంటికి రాగానే పద్దు చూసుకుంటుంది. తీసుకుపోయిన డబ్బెంత, ఖర్చయినదెంత, మిగిలినదెంత అని లెక్క వేసుకుంటుంది. పది రూపాయలు తేలకపోతే "మాయమైపోయాయి" అని ఊరుకోదు. చిల్లర అంగట్లో మరచిపోయిందేమో, సంచికి చిరుగు పడిందేమో అని వెదుకుతుంది. డబ్బు దానంతట అది మాయం కాదన్న నమ్మకమే ఆ వెదకులాటకు మూలం. ప్రకృతిని పరిశీలించే శాస్త్రజ్ఞులది కూడా ఇదే పద్ధతి. వారు చూసుకునే పద్దులో శక్తి, ద్రవ్యవేగం అనేవి ముఖ్యమైన ఖాతాలు.

కర్ణాటకలోని శివనసముద్రం వద్ద కావేరీ నది ఎత్తైన రాతి చరియల మీద నుండి కిందికి దూకుతుంది. 1902లో అక్కడ జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించింది. అక్కడ ఉత్పత్తి అయిన విద్యుత్తు దాదాపు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోలారు బంగారు గనులకు తీగల ద్వారా చేరింది. 1905లో అదే విద్యుత్తుతో బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగాయి. ఎక్కడో లోయలో పడే నీరు ఇక్కడ దీపమై వెలగడం ఆనాటి ప్రజలకు ఒక వింత.

ఈ వింత వెనుక ఉన్నది సులభమైన లెక్క. ఒక కిలోగ్రాము నీరు నూరు మీటర్ల ఎత్తు నుండి పడితే దానికి దాదాపు 980 జౌళ్ల శక్తి లభిస్తుంది. ఎత్తులో ఉన్నప్పుడు ఆ నీటిలో దాగి ఉన్నది స్థితిజ శక్తి. పడుతున్నప్పుడు అది గతిజ శక్తిగా మారుతుంది. యంత్రపు చక్రాన్ని తిప్పి విద్యుచ్ఛక్తి అవుతుంది. దీపంలో వెలుగుగాను, వేడిగాను మారుతుంది. దారిలో తీగలు వేడెక్కడానికి కొంత పోతుంది. అన్నిటినీ కూడితే మొదట ఉన్నంతే తేలుతుంది. ఇంగ్లండు దేశీయుడైన జౌల్ 1840ల నుండి ఏళ్ల తరబడి శ్రమించి, కొంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచి చూపాడు. శక్తి కొత్తగా పుట్టదు, ఉన్నది నశించదు, ఒక రూపం నుండి మరొక రూపానికి మారుతుంది. దీనినే శక్తి నిత్యత్వ నియమం అంటారు.

శక్తి నశించనప్పుడు విద్యుత్తును పొదుపు చేయమని పెద్దలు ఎందుకు చెబుతారు అన్న సందేహం కలగడం సహజం. దీపం నుండి, తీగల నుండి బయలుదేరిన వేడి గాలిలో కలిసి నలుదిక్కులకూ చెదిరిపోతుంది. అది ఎక్కడికీ పోలేదు, కాని దాన్ని పోగుచేసి మళ్లీ చక్రం తిప్పించడం సాధ్యం కాదు. ఇసుకలో ఒలికిన నూనె వంటిది అది. నూనె ఉన్నది, దీపానికి మాత్రం పనికిరాదు.

ఇక రెండవ ఖాతా ద్రవ్యవేగం. వస్తువు ద్రవ్యరాశిని దాని వేగంతో గుణిస్తే వచ్చేదే ద్రవ్యవేగం. దీనికి దిశ కూడా ఉంటుంది. తుపాకి పేల్చినప్పుడు గుండు ముందుకు దూసుకుపోతుంది, తుపాకి వెనక్కి తన్నుతుంది. నాలుగు కిలోల తుపాకి నుండి పది గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వెలువడితే, తుపాకి సెకనుకు ఒక మీటరు వేగంతో వెనక్కి కదులుతుంది. రెండింటి ద్రవ్యవేగాలూ సమానం, దిశలు వ్యతిరేకం. కాబట్టి పేల్చక ముందూ మొత్తం సున్నే, పేల్చిన తరువాతా సున్నే. రాకెట్టు తన వాయువులను వెనక్కి చిమ్మి తాను ముందుకు పోవడంలోనూ ఉన్నది ఈ నియమమే.

ఈ ఉదాహరణలో గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. శక్తిని లెక్కిస్తే గుండుకు 800 జౌళ్లు, తుపాకికి కేవలం 2 జౌళ్లు వస్తాయి. ద్రవ్యవేగం సమానంగా పంచుకున్నా, శక్తిలో దాదాపు అంతా తేలిక వస్తువుకే దక్కుతుంది. మందుగుండు అంతే ఉండి, విడిపోయేవి రెండే వస్తువులైతే ఈ వాటాలు ప్రతిసారీ ఒకే విధంగా ఉంటాయి. ఈ మాటను గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉన్నది.

ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి భౌతిక శాస్త్రం పరమాణువు లోపలికి తొంగి చూసింది. అక్కడి తీరు వేరుగా కనిపించింది. కాంతి అవిచ్ఛిన్నమైన ధార కాదని, చిన్న చిన్న మూటలుగా వస్తుందని తెలిసింది. ఆ మూటలకే ఫోటాన్లు అని పేరు. నీలికాంతి ఫోటాన్‌లో శక్తి ఎక్కువ, ఎర్రకాంతి ఫోటాన్‌లో తక్కువ. అణువులు కూడా తమకు నచ్చినంత శక్తిని తీసుకోలేవు. మెట్ల మీద నిలుచున్నవాడు ఒక మెట్టు మీదనో మరొక మెట్టు మీదనో ఉండాలి కాని నడుమ ఉండలేడు కదా! అణువుల శక్తి కూడా అటువంటిదే. ఈ కొత్త శాస్త్రానికి క్వాంటం భౌతిక శాస్త్రమని పేరు వచ్చింది.

1923లో అమెరికా శాస్త్రజ్ఞుడు కాంప్టన్ ఎక్స్-కిరణాలను గ్రాఫైటు మీద ప్రసరింపజేశాడు. చెదిరి వచ్చిన కిరణాల్లో కొన్నింటి తరంగదైర్ఘ్యం పెరిగింది. అంటే వాటి శక్తి తగ్గింది. క్యారమ్ బల్ల మీద స్ట్రైకరు కాయను కొట్టి తన వేగంలో కొంత దానికి ఇచ్చినట్లే, ఫోటాన్ ఎలక్ట్రాన్‌ను ఢీకొని తన శక్తిలో కొంత దానికి ఇచ్చిందని ఆయన వివరించాడు. ద్రవ్యవేగం, శక్తి రెండూ నిలిచి ఉంటాయని అనుకొని లెక్క వేస్తే ఫలితం కొలతలతో చక్కగా సరిపోయింది.

అయినా అందరికీ నమ్మకం కుదరలేదు. 1924లో నీల్స్ బోర్, క్రామర్స్, స్లేటర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఒక సాహసమైన ఊహ చేశారు. సంతలో ఒక్కొక్క అంగడిలో పద్దు తప్పినా సంత మొత్తం మీద సరిపోయినట్లు, పరమాణువుల్లో ఒక్కొక్క సంఘటనలో శక్తి నిలవకపోవచ్చునని, సగటున మాత్రమే నిలుస్తుందని వారి భావం. ఈ మాట నిజమైతే భౌతిక శాస్త్రపు పునాదే కదిలిపోయేది. వాదంతో తేలే విషయం కాదిది. 1925లో జర్మనీలో బోతే, గైగర్ అనే వారు చెదిరిన ఫోటాన్, కదిలిన ఎలక్ట్రాన్ ఒకే క్షణంలో వెలువడుతున్నాయని ప్రయోగంతో చూపారు. అదే ఏడు కాంప్టన్, సైమన్‌తో కలిసి అవి పోయే కోణాలను కొలిచాడు. ప్రతి ఒక్క తాకిడిలోను లెక్క సరిపోతున్నదని రుజువైంది. బోర్ తన ఊహను విడిచిపెట్టాడు. ఎంత గొప్పవారి మాట అయినా ప్రయోగం ముందు తలవంచక తప్పదు.

క్వాంటం లోకానికి, మన కళ్లెదుటి లోకానికి ఉన్న భేదం ఇక్కడ తేటపడుతుంది. క్యారమ్ కాయ ఏ మూలకు పోతుందో నేర్పరి ముందే చెప్పగలడు. ఫోటాన్ ఎటు చెదురుతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఏ దిశకు పోవడానికి ఎంత అవకాశం ఉన్నదో మాత్రమే చెప్పగలరు. కాని అది ఎటు పోయినా, పోయిన తరువాత శక్తి, ద్రవ్యవేగాల పద్దు మాత్రం తప్పదు.

మన దేశంలో ఈ కొత్త విషయాలను ఆసక్తితో గమనిస్తున్నవారిలో సర్ సి.వి. రామన్ ఒకరు. ఎక్స్-కిరణాల్లో కాంప్టన్ చూసిన మార్పు వంటిది మామూలు కాంతిలో ఎందుకు ఉండకూడదని ఆయన ప్రశ్న. కలకత్తాలో శిష్యుడు కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి ద్రవాల గుండా కాంతిని ప్రసరింపజేసి పరిశీలించారు. 1928 ఫిబ్రవరి 28న ఫలితం స్పష్టంగా కనిపించింది. చెదిరిన కాంతిలో లోపలికి పంపిన రంగుతో పాటు కొత్త రంగుల రేఖలు కూడా ఉన్నాయి. మరుసటి నెల, మార్చి 16న, బెంగళూరులో దక్షిణ భారత విజ్ఞాన సంఘం సభలో రామన్ ఈ కొత్త కిరణాలను గురించి విపులంగా ప్రసంగించారు. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

కొత్త రంగు ఎక్కడి నుండి వచ్చింది? ఇదీ పద్దు లెక్కే. ఫోటాన్ అణువును తాకినప్పుడు అణువు ఒక మెట్టు పైకి ఎక్కి కంపించసాగుతుంది. అందుకు కావలసిన శక్తిని ఫోటాన్ చెల్లిస్తుంది. చెల్లించిన ఫోటాన్‌లో శక్తి తగ్గుతుంది కనుక దాని రంగు ఎరుపు వైపు జరుగుతుంది. కొన్నిసార్లు అణువు ముందే కంపిస్తూ ఉంటుంది. అప్పుడది ఒక మెట్టు దిగి, మిగిలిన శక్తిని ఫోటాన్‌కు ఇస్తుంది. రంగు నీలం వైపు జరుగుతుంది. ప్రతి పదార్థానికీ మెట్ల ఎత్తు వేరు. కాబట్టి రంగు ఎంత జరిగిందో కొలిస్తే ఆ పదార్థమేదో గుర్తించవచ్చు. మందులను, రత్నాలను పరీక్షించడానికి నేడు ఈ పద్ధతిని ప్రపంచమంతటా వాడుతున్నారు.

ఆ రోజుల్లో కలకత్తాలో రామన్ వద్ద చేరిన తెలుగు యువకుడు సూరి భగవంతం. ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదువుకున్నారు. గురుశిష్యులిద్దరూ కలిసి మూడవ ఖాతాను పరిశీలించారు. అది కోణీయ ద్రవ్యవేగం, అంటే గిరగిర తిరిగే వస్తువులకు ఉండేది. తిరుగుతున్న బొంగరం దానంతట అది ఆగదు. నేల రాపిడి, గాలి దాని భ్రమణాన్ని పుచ్చుకుంటేనే ఆగుతుంది. ఫోటాన్‌కు కూడా ఇటువంటి భ్రమణం ఉంటే, అణువును తాకినప్పుడు అణువు తిరుగుడులో మార్పు రావాలి, ఆ మార్పు జాడ చెదిరిన కాంతిలో కనిపించాలి. చెదిరిన కాంతి ధ్రువణాన్ని కొలిచి, ఫోటాన్‌కు భ్రమణం ఉన్నదని 1931లో రామన్, భగవంతం ప్రకటించారు. అప్పటికి భగవంతం వయసు ఇరవై రెండేళ్లలోపే.

1933లో రామన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు మొదటి భారతీయ డైరెక్టరుగా వచ్చారు. 1948లో ఇదే నగరంలో రామన్ పరిశోధన సంస్థను స్థాపించి, 1970లో కన్నుమూసేవరకు అక్కడే పరిశోధనలు సాగించారు. భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులుగా పనిచేశారు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. ఒకప్పుడు గురువు కూర్చున్న బెంగళూరు సంస్థ డైరెక్టరు పీఠాన్ని 1957 నుండి 1962 వరకు ఆయనా అలంకరించారు. ఆ సంస్థ, ఆయన, ఇద్దరూ ఒకే ఏట పుట్టినవారు కావడం విశేషం.

ఇంతలో నియమాలకు మరొక గండం వచ్చింది. కొన్ని పరమాణు కేంద్రకాలు తమంతట తామే ఒక ఎలక్ట్రాన్‌ను వెలువరిస్తాయి. దీన్ని బీటా క్షయం అంటారు. బరువైన కేంద్రకం తుపాకి వంటిది, తేలికైన ఎలక్ట్రాన్ గుండు వంటిది. విడిపోయేవి రెండే అయితే ఎలక్ట్రాన్‌కు ప్రతిసారీ ఒకే మొత్తం శక్తి రావాలి. కాని 1914లో చాడ్విక్ కొలిచి చూస్తే ఒక ఎలక్ట్రాన్‌కు ఎక్కువ, ఒకదానికి తక్కువ, అన్ని రకాలుగానూ శక్తి కనిపించింది. మిగిలిన శక్తి వేడి రూపంలో అక్కడే దాగి ఉందేమోనని 1927లో ఎల్లిస్, వూస్టర్ వేడిని కొలిచారు. అక్కడా దొరకలేదు. పద్దులో పెద్ద మొత్తమే తేలలేదు.

కేంద్రకం లోపల శక్తి నిత్యత్వం చెల్లదేమోనని బోర్ మళ్లీ అన్నాడు. పౌలీ అనే శాస్త్రజ్ఞుడు అందుకు ఒప్పుకోలేదు. 1930 డిసెంబరులో ఆయన ఒక లేఖ వ్రాస్తూ, ఎవరికీ కనిపించని మూడవ కణం ఒకటి ఆ శక్తిని మోసుకుపోతున్నదని సూచించాడు. దానికి విద్యుదావేశం లేదు, బరువు లేదన్నంత తక్కువ. విడిపోయేవి మూడైతే వాటాలు ఎన్ని విధాలుగానైనా ఉండవచ్చు. ఫెర్మీ దానికి న్యూట్రినో అని పేరు స్థిరపరచి, ఒక సిద్ధాంతాన్ని నిర్మించాడు. ఒక నియమాన్ని కాపాడడానికి కనిపించని కణాన్ని కల్పించడం సబబేనా అన్న ప్రశ్న ఇరవై ఆరేళ్లు నిలిచింది. 1956లో అమెరికాలో రైన్స్, కోవన్ ఒక అణు రియాక్టరు పక్కన ఉపకరణాలు అమర్చి న్యూట్రినోలను పట్టుకున్నారు. నియమం గెలిచింది.

ఆ రియాక్టరులో పుట్టినవే కాక, ఆకాశం నుండి కూడా న్యూట్రినోలు వస్తున్నాయి. అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాలు గాలిని తాకినప్పుడు ఇవి పుడతాయి. భూమిలో ఈ వైపు నుండి ఆ వైపుకు కూడా పోగలవు. వీటిని పట్టుకోవాలంటే ఇతర కణాల గోల లేని చోటు కావాలి. ఆ చోటు బెంగళూరుకు దాదాపు నూరు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నది. అదే కావేరి విద్యుత్తు మొదట చేరిన కోలారు బంగారు గని. తమిళ, తెలుగు, కన్నడ కార్మికులు తరతరాలుగా చెమటోడ్చి తవ్విన ఆ గనులు లోకంలోని మిక్కిలి లోతైన గనుల్లో చేరినవి. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 1950ల నుండి అక్కడ విశ్వకిరణాలను పరిశీలిస్తూ వచ్చారు. చాలా లోతున వారాల తరబడి ఉపకరణాలు ఉంచినా, పై నుండి వచ్చే మ్యూఆన్ కణం ఒక్కటి కూడా నమోదు కాలేదు. శూన్యంగా తోచిన ఆ ఫలితమే మేలైంది. అంత నిశ్శబ్దంలో న్యూట్రినో అడుగుల చప్పుడు వినవచ్చునని వారు గ్రహించారు.

భారత, జపాన్, బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఉపకరణాలు నెలకొల్పారు. ఎం.జి.కె. మీనన్, బి.వి. శ్రీకంఠన్, వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి మొదలైనవారు ఆ బృందంలో ఉన్నారు. పై నుండి వచ్చే కణాలు రెండు కిలోమీటర్ల రాతిని దాటాలి. పక్క నుండి రావలసినవి అంతకు ఎన్నో రెట్ల రాతిని దాటాలి. అది ఏ మ్యూఆన్‌కూ సాధ్యం కాదు. కాబట్టి అడ్డంగా వచ్చిన మ్యూఆన్ కనిపిస్తే, అది దగ్గరి రాతిలో న్యూట్రినో తాకిడి వల్ల పుట్టినదే అయి ఉండాలి. 1965లో అటువంటి జాడలు దొరికాయి. ఆకాశంలో పుట్టిన న్యూట్రినోలను గుర్తించిన మొదటి పరిశోధనల్లో కోలారుకు శాశ్వత స్థానం లభించింది. అదే సంవత్సరం దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో రైన్స్ బృందం కూడా వాటిని కనుగొన్నది. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి.

ప్రకృతి లెక్క ఎందుకు తప్పదు? 1918లో ఎమ్మీ నోథర్ అనే జర్మన్ గణిత విదుషీమణి దీనికి జవాబు ప్రకటించింది. ప్రకృతి నియమాలు నిన్నటికీ నేటికీ మారవు కనుక శక్తి నిలుస్తుంది. ఆగిరిపల్లిలోనూ బెంగళూరులోనూ అవి ఒక్కటే కనుక ద్రవ్యవేగం నిలుస్తుంది. ఏ దిక్కుకు తిరిగి చూసినా ఒక్కటే కనుక కోణీయ ద్రవ్యవేగం నిలుస్తుంది. ఈ సమరూపతనే సౌష్ఠవం అంటారు. సౌష్ఠవాన్ని వివరించే గణితం మీద భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి వ్రాసిన ఇంగ్లీషు గ్రంథం 1948లో వాల్తేరు నుండి వెలువడి పేరు పొందింది.

నియమాన్ని గుడ్డిగా నమ్మడం శాస్త్రం కాదు, లెక్క తేలనప్పుడు విసిగి వదిలివేయడమూ శాస్త్రం కాదు. బోర్ శంకించడం వల్ల ప్రయోగాలు జరిగాయి. పౌలీ పట్టు విడవకపోవడం వల్ల కొత్త కణం దొరికింది. తేలని మొత్తం కోసం ఓపికతో వెదికినవారికి ప్రకృతి తన పద్దు పుస్తకంలో మరొక పుట తెరిచి చూపింది.

అర్థాలు

పద్దు = జమాఖర్చుల లెక్క
నిత్యత్వం = ఎప్పుడూ నిలిచి ఉండడం
అవిచ్ఛిన్నం = తెగనిది
గండం = ఆపద
విదుషీమణి = పండితురాలైన స్త్రీ
సౌష్ఠవం = అన్ని వైపులా ఒకే తీరుగా ఉండడం

అభ్యాసం

అ) ఒక్క వాక్యంలో జవాబులు వ్రాయండి.
1. బెంగళూరు వీధుల్లో విద్యుద్దీపాలు ఏ సంవత్సరంలో వెలిగాయి?
2. సూరి భగవంతం ఎక్కడ జన్మించారు?
3. న్యూట్రినో ఉన్నదని మొదట సూచించినవారు ఎవరు?

ఆ) ఐదారు వాక్యాల్లో జవాబులు వ్రాయండి.
1. చెదిరిన కాంతిలో కొత్త రంగులు ఎందుకు కనిపిస్తాయి?
2. న్యూట్రినోలను పట్టుకోవడానికి లోతైన గని ఎందుకు అవసరమైంది?
3. "శూన్యంగా తోచిన ఆ ఫలితమే మేలైంది." ఈ వాక్యాన్ని సందర్భంతో వివరించండి.

ఇ) విడదీసి సంధి పేరు వ్రాయండి: విద్యుచ్ఛక్తి, దానంతట, ఇందులోనే.

ఈ) మీ ఇంట్లో లేదా బడిలో శక్తి ఒక రూపం నుండి మరొక రూపానికి మారే మూడు సందర్భాలను సొంత మాటల్లో వ్రాయండి.